అమ్మకానికి సర్దిన ఇల్లు

పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీ ఇళ్ళు సర్దడం నా పని. ఈ మాట చెబితే మా చర్చిలో కొందరు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. "ఖాళీ ఇంట్లో సర్దడానికి ఏటుంటాది?" అంటారు. ఏమీ ఉండదు కాబట్టే నన్ను పిలుస్తారని చెప్పి ఊరుకుంటాను. మొదట్లో టూరిస్టులకిచ్చే హోమ్‌స్టే గదులు సర్దేదాన్ని. అవి చూసి ఎవరో అమ్మకానికి పెట్టిన ఇల్లు కూడా అలాగే చేసిపెట్టమన్నారు. ఖాళీ గదిలో కొనేవాళ్ళకు గోడ పగుళ్ళు, చెమ్మ మరకలు తప్ప ఇంకేమీ కనిపించవు. అదే గదిలో ఒక కుర్చీ వేసి, కిటికీకి పరదా కడితే అక్కడ కూర్చుని టీ తాగాలనిపిస్తుంది. అంతకుమించి ఈ పనిలో మర్మమేమీ లేదు.

నా స్నేహితురాలి ఇల్లు సర్దవలసి వచ్చినప్పుడు మాత్రం నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మేమిద్దరం పోర్ట్ బ్లెయిర్‌కు హార్బరు అవతలున్న బాంబూఫ్లాట్ అనే ఊళ్ళో పక్కపక్క ఇళ్ళల్లో పుట్టాం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. చర్చిలో ఒకే బెంచీ, బడికి ఒకే ఫెర్రీ. పెళ్ళయ్యాక ఆమె హార్బరు దాటి, పోర్ట్ బ్లెయిర్‌లో గుట్ట మీదున్న ఆ పెద్ద ఇంటికి కాపురానికి వెళ్ళింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఒక గది, ఒక వంటగది ఉన్న ఇంట్లో బాంబూఫ్లాట్‌లోనే ఉండిపోయాను. ఆదివారం ఆరాధన కాగానే ఫెర్రీ ఎక్కి ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. భోంచేసి, కడుపునిండా కబుర్లు చెప్పుకుని, చీకటి పడకముందే తిరిగొచ్చేదాన్ని. నాకున్న చుట్టరికమంతా అదే. భర్త పోయాక కూతురు ఆమెను వైజాగ్ తీసుకెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు గడపడం నాకు చాలా కష్టమైంది.

ఒకరోజు ఆమె ఫోన్ చేసింది.

"ఏటే, మా ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను. నీ చేత్తోనే సర్దిపెట్టాల."

"అమ్మేస్తావా? ఇంత జల్దీ ఏటొచ్చింది?"

"అల్లుడింట్లో ఎన్నాళ్ళుంటానే? మంచోడే గానీ, టీవీ పెట్టాలన్నా అడగాలనిపిస్తాది. చిన్న ఫ్లాటొకటి కొనుక్కుని నా పాటికి నేనుంటాను. ఇల్లు అమ్ముడైతే సంతకం పెట్టడానికి నేనే వస్తాను. వచ్చి కొన్నాళ్ళు నీ దగ్గరే ఉంటాను. పక్కా."

ఫోన్ పెట్టేశాక సంగతి నాకు పూర్తిగా అర్థమైంది. ఇల్లు అమ్ముడుపోతేనే ఆమె వస్తుంది. అమ్ముడుపోయాక మళ్ళీ రావడానికి ఆమెకు ఇక్కడ పనేమీ ఉండదు. ఆ ఒక్క రాక కోసం ఆ ఇంటిని నా చేతులతోనే పరాయివాళ్ళకు నచ్చేలా చేయాలి.

తాళం తీసి లోపలికి వెళితే నా చెప్పుల చప్పుడే హాలంతా మోగింది. సామానంతా ఎప్పుడో ఓడలో వైజాగ్ వెళ్ళిపోయింది. గోడకు బైబిలు వాక్యం రాసిన పలక ఉండేచోట తెల్లటి మచ్చ మిగిలింది. దాని మీద రంగు వేయించాను. మా దీవుల్లో కొనడానికి వచ్చేవాళ్ళు బెంగాలీలు కావచ్చు, తమిళులు కావచ్చు, రాంచీవాళ్ళు కావచ్చు. ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారో ముందు తెలియదు కాబట్టి ఏ దేవుడి ఆనవాలూ ఉంచను. మిగతా ఇళ్ళల్లో ఈ పని చిటికెలో అయిపోయేది. ఇక్కడ రంగు ఆరేదాకా ఆ గోడ వైపు చూడబుద్ధి కాలేదు.

సర్దడానికి సామాను కావాలి. మాకు ఇక్కడ అలాంటివి అద్దెకు దొరకవు. మెయిన్‌లాండ్ నుంచి తెప్పిద్దామంటే వానాకాలం, ఓడ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని నా మంచం, కుర్చీలు, స్టీలు సామాను అన్నీ బండికెత్తించి ఫెర్రీ మీద అవతలికి చేర్చాను. చాలనివి చర్చివాళ్ళ దగ్గర బతిమాలి తెచ్చాను. ఆ ఇంట్లో పెద్ద బల్ల మీద ఇంటిల్లిపాదికీ సరిపడా కంచాలు పెట్టి, పక్కన గ్లాసులు బోర్లించాను. పిల్లల గది అని ఒకటి అనుకుని అందులో చిన్న కుర్చీ వేశాను. సాయంత్రం ఇంటికొచ్చి చాప మీద కూర్చుని ఒక్కదాన్నే అన్నం తినేటప్పుడు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అయితే ఆ రోజుల్లో నాకొక సుఖం దక్కింది. ఆమె రోజూ వీడియో కాల్ చేసేది. ఫోన్ పట్టుకుని గది గదీ తిప్పి చూపించేదాన్ని.

"ఆ పరదా ఎర్రది కదే? ఎరుపు తీసెయ్. మా ఆయనకి ఎరుపు బిల్కుల్ పడదు."

ఆయన పోయి చాలాకాలమైంది. అయినా మర్నాడే అబర్డీన్ బజార్‌కు వెళ్ళి నీలం పరదాలు తెచ్చి కట్టాను. అవి చూసి "అచ్ఛా, ఇప్పుడు బాగున్నాది" అంది.

వంటింటి వెనక పెద్ద నీలం డ్రమ్ములు ఉండేవి. మా ఊళ్ళో కుళాయి రోజూ రాదు. వచ్చిన రోజున ఎక్కడివాళ్ళక్కడ పనులు వదిలేసి నీళ్ళు పట్టుకోవాల్సిందే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ పరుగు నాకు అలవాటే. కానీ ఫోన్లో ముంబైవాళ్ళు ఇళ్ళు సర్దే వీడియోలు చూసి చూసి నా బుర్ర చెడింది. ఆ వంటిళ్ళల్లో డ్రమ్ములుండవు. అందుకని వాటిని ఖాళీ చేసి, వెనక షెడ్డులో పడేసి, వాటి స్థానంలో క్రోటన్ కుండీలు పెట్టాను.

మొదట వచ్చిన భార్యాభర్తలు ఇల్లంతా చూసి మెచ్చుకున్నారు. చివర్లో ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పింది. ఒక్క చుక్క రాలేదు. వెనక్కి వెళ్ళి చూసింది. కుండీలు కనిపించాయి.

"పానీ కహా రఖ్‌తే హై, దీదీ?" అని అడిగింది. నీళ్ళు ఎక్కడ పట్టుకుంటారని.

షెడ్డు వైపు చూపించాను. ఎండిపోయి, సాలెగూళ్ళు పట్టి ఉన్న ఆ డ్రమ్ములను చూసి వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఇక్కడ నీళ్ళే రావని వాళ్ళు తీర్మానించుకున్నట్టు నాకు తెలిసిపోయింది. ఎంత చెప్పినా నమ్మకుండా వెళ్ళిపోయారు.

నిజం చెప్పాలంటే నాకు లోలోపల హాయిగా అనిపించింది. అమ్ముడుపోకపోతే ఆమె రేపు కూడా ఫోన్ చేస్తుంది, ఎల్లుండి కూడా చేస్తుంది. ఆ సంతోషంతోనే ఆమెకు సంగతి చెప్పాను. 

"సరేలే. ఇక్కడ నాకు తక్కువేటి? గదిచ్చారు, అన్నం పెడతన్నారు" అంది. 

నా మీద నాకే ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ డ్రమ్ములు బూడిదతో తోమాను. కుండీలు తీసేసి వాటిని మళ్ళీ వరసగా నిలబెట్టాను. కుళాయి వచ్చే రోజున కూర్చుని అంచుదాకా పట్టి, మూతలు పెట్టి, పైన మెరిసేలా తోమిన చెంబులు బోర్లించాను. అలా కుళాయి వచ్చినప్పుడల్లా వెళ్ళి పాతనీళ్ళు మొక్కలకు పోసి కొత్తవి పట్టేదాన్ని. ఎవరూ తాగని నీళ్ళ కోసం ఫెర్రీ ఎక్కే మనిషిని ఈ దీవుల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తర్వాత రంగత్ నుంచి ఒక టీచరు, ఆయన భార్య వచ్చారు. ఆవిడ పరదాలూ చూడలేదు, కంచాలూ చూడలేదు. తిన్నగా వెనక్కి వెళ్ళి డ్రమ్ము మూత ఎత్తి, చేయి ముంచి చూసింది.

"ఎవరూ లేని ఇంట్లో నీళ్ళెవరు పట్టారు, దీదీ?" అని హిందీలో అడిగింది.

"నేనే పట్టాను."

ఆవిడ నవ్వి, అక్కడే మెట్టు మీద కూర్చుంది. టీచరు గారు లోపల గదులు కొలుచుకుంటూ ఉండిపోయారు. ఆ వారం తిరక్కుండానే బేరం కుదిరింది.

ఫోన్లో ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నేనూ సంతోషించాను. సామానంతా మళ్ళీ ఫెర్రీ మీద బాంబూఫ్లాట్ తెచ్చుకున్నాను. ఇక నా ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. గోడలకు వెల్ల వేయించాను. గాలి తగిలేలా మంచం కిటికీ పక్కకు జరిపాను. ఆమెకు మోకాళ్ళ నొప్పులని బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాను. కొత్త దుప్పటి కొని ముడత లేకుండా పరిచాను. ఎవరెవరి ఇళ్ళో సర్దాను గానీ ఇంత మనసుపెట్టి ఎప్పుడూ సర్దలేదు. మొదటి ఆదివారం ఏం వండాలో కూడా అనుకున్నాను. చేపల పులుసు, పప్పు, ఆమెకిష్టమైన కొబ్బరి పచ్చడి.

అంతా అయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ వచ్చింది.

"ఏటే, సంతకం పని మా మరిదికి అప్పజెప్పేసాను. ఏదో పని మీద ఎలాగూ అక్కడికొస్తన్నాడు, వాడే చూసుకుంటాడు. ఈ మోకాళ్ళతో నేనెక్కడ రాగలను?"

"సరేలే" అన్నాను.

"ఆ ఇల్లు కూడా పోయాక ఇంకా దీవులకి ఎందుకు రావాలే? అక్కడ నాకెవరున్నారు?"

అందులో కోపం లేదు, నన్ను నొప్పించాలనీ లేదు. మామూలుగా, వాన వస్తోందన్నట్టు అంది.  తనన్న మాట తనకే వినిపిస్తుందేమోనని ఆగాను. వినిపించలేదు.

"అవును, ఎవరున్నారు" అన్నాను.

తర్వాత ఆమె కొనబోయే ఫ్లాటు గురించి చెప్పింది. రెండో అంతస్తట, లిఫ్టు ఉందట, నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయట. అన్నిటికీ ఊ కొట్టాను.

ఫోన్ పెట్టేసి కంచంలో అన్నం వడ్డించుకున్నాను. కూర్చోవడానికి కిటికీ పక్కనున్న మంచం దాకా వెళ్ళి ఆగిపోయాను. కూర్చుంటే దుప్పటి నలుగుతుందనిపించింది. నేల మీదే కూర్చుని తిన్నాను.