పసుపు లైటు కింద పసిమి ఛాయ

ఆ కరెంటు సామాన్ల కొట్లో బల్బుల కౌంటరు ఆవిడది. పంతొమ్మిదేళ్ళుగా అదే స్టూలు, అదే అద్దాల బల్ల, వెనక గోడకి అవే అరలు. వచ్చేవాళ్ళంతా ఆవిణ్ణి లైట్ల పిన్ని అంటారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. బేరం దగ్గర వరసలు చూసుకుంటూ కూర్చుంటే ఒక్క బల్బూ అమ్ముడుపోదు.

పిన్నికి ఒక జబ్బుంది. చేతికొచ్చిన పెట్టె మీద అక్షరాలన్నీ చదివితే గానీ కింద పెట్టదు. పైన చదివి, పక్కన చదివి, చివరికి అడుగున చీమ తలకాయంత అచ్చులో ఉన్నదాన్ని కూడా కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చదువుతుంది. "మనం అమ్మేది బల్బు పిన్నీ, పుస్తకం కాదు" అని కొట్టు యజమాని రోజుకోసారైనా అంటాడు. ఆయన తన జన్మలో ఒక పెట్టె కూడా చదవలేదు. అయినా కొట్టు ఆయనదే, చదివే ఆవిడకి మాత్రం స్టూలు. లోకం తీరే అంత.

పాత గుండ్రటి బల్బులు పోయి కొత్తవి వచ్చిన రోజుల్లో పెట్టెల మీద ఒక కొత్త అంకె కనిపించసాగింది. ఒకదాని మీద 2700, ఇంకోదాని మీద 4000, మరోదాని మీద 6500, పక్కనే 'కె' అని ఒక అక్షరం. అంకె పెద్దదైతే వెలుగు పెద్దదనుకుంది పిన్ని. అందరం అలాగే అనుకుంటాం. అందుకని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ 6500 చేతిలో పెట్టింది. నెల తిరక్కుండా ఒక లెక్కల మాస్టారు తిరిగొచ్చాడు. "మా పడగ్గది ఆసుపత్రి వార్డులా ఉంది పిన్నీ. మా ఆవిడ నన్ను చూసి, ఒంట్లో ఎలా ఉందండీ అని అడుగుతోంది" అన్నాడు.

ఆ సాయంత్రం పిన్ని మూడు రకాలూ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. ఒకే హోల్డరులో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసింది. వాట్లు ఒకటే, వెలుగూ ఇంచుమించు ఒకటే, రంగే వేరు. చిన్న అంకెది దీపంలా పసుప్పచ్చగా ఉంది. పెద్ద అంకెది నీలం కలిసిన తెలుపు. మధ్యది అటూ ఇటూ కాకుండా మర్యాదగా ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 'కె' అంటే వేడి కొలత అని పెట్టె మీదే రాసుంది. మరి తక్కువ వేడి ఉన్నదాన్ని వెచ్చని లైటనీ, ఎక్కువ వేడి ఉన్నదాన్ని చల్లని లైటనీ అదే పెట్టె ఎందుకంటోంది? ఇదేం తిరకాసు అనుకుంది. ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్మాలి మీరు.

యజమానిని అడిగితే "కంపెనీవాళ్ళకి పనిలేక" అన్నాడు. ఎలక్ట్రీషియన్ని అడిగితే అది మోడల్ నంబరు అని తేల్చేశాడు. తెలియదని ఒప్పుకోవడం కంటే తోచింది చెప్పెయ్యడం తేలిక మరి. చివరికి గేట్లు చేసే వెల్డింగు ఆయన వైరు కోసం వచ్చినప్పుడు ముడి విడిపోయింది.

"ఇనప కడ్డీని నిప్పుల్లో పెట్టావనుకో పిన్నీ, ముందు ఏ రంగుకి తిరుగుతుంది?"

"ఎరుపు."

"ఇంకా కాలిస్తే?"

"నారింజ రంగు. తర్వాత పసుపు."

"ఇంకా ఇంకా కాలిస్తే తెల్లబడుతుంది. ఇనుము అక్కడికే కరిగిపోతుంది కాబట్టి సరిపోయింది. కరగని వస్తువేదైనా ఉండి ఇంకా కాలిస్తే నీలానికి తిరుగుతుందట. నీ పెట్టె మీద అంకె అదే. ఎంత కాలిస్తే ఆ రంగు వస్తుందో చెబుతోంది, అంతే. నీ బల్బేమీ అంత కాలదు, వేషం వేస్తుంది."

"మరి వెచ్చన, చల్లన?"

"అవి చూసేవాడి మనసులో మాటలు. మంట పచ్చగా ఉంటుంది కాబట్టి పసుపు చూస్తే వెచ్చగా అనిపిస్తుంది మనకి. అంకె ఇనుముది, పేరు మనది. రెండూ ఒకచోట రాస్తే తిరకాసు కాక ఏమవుతుంది?"

పిన్ని ఆ రోజు ఆయనకి టీ తెప్పించింది. అప్పట్నుంచి ఆ కౌంటరు దగ్గర బల్బు కొనడమంటే పెళ్ళిచూపులే. ఏ గది, కిటికీ ఎటు, గోడలకేం రంగు, అన్నీ చెప్పాలి. వంటింటికి తెలుపు ఇచ్చేది, కూరలో పురుగు కనబడాలి కదా. చదువుకునే బల్లకి మధ్య రకం, పడగ్గదికి పసుపు. అన్నిటికంటే పెద్ద తలనొప్పి 'పచ్చ లైటు' అడిగేవాళ్ళతో. ఏ పచ్చ బాబూ, పసుపుపచ్చా ఆకుపచ్చా అని రెండుసార్లు అడిగేది. అడగని రోజు ఒకాయన ఆకుపచ్చది పట్టుకెళ్ళి మర్నాడే తిరిగొచ్చాడు, హాల్లో కూర్చుంటే చెరువు అడుగున కూర్చున్నట్టుందని.

ఇలా ఊరందరి గదులకీ వెలుగు ఏరిపెట్టిన మనిషి కూతురి గదికి ఏరదా? కూతురి ఇల్లు మూడు వీధులవతల. ఆ పిల్లకి తొలి కాన్పు అయింది, ఆడపిల్ల పుట్టింది. అంతకు వారం ముందే అల్లుడు కొట్టుకి వచ్చి, "అత్తయ్యా, పుట్టబోయే బిడ్డ గదికి లైటు మీరే చెప్పాలి" అన్నాడు. పిన్ని పొంగిపోయింది. 2700వి రెండు తనే తీసి, తనే వెళ్ళి పెట్టించింది. పసిపిల్ల కళ్ళకి మెత్తగా ఉండాలి, ఈ విషయంలో నా మాటకి తిరుగులేదు అని వియ్యపురాలి ముందు కాస్త గట్టిగానే చెప్పింది. ఆవిడ కూడా తక్కువ తినలేదు. చలిగాలి తగులుతుందని కిటికీకి దళసరి తెర వేయించింది. దాంతో ఆ గదిలో పగలూ రాత్రీ పిన్ని పెట్టిన పసుపు లైటే దిక్కయింది.

బిడ్డని ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి పిన్ని రోజూ కొట్టు కట్టేశాక వచ్చి చూసి వెళ్తోంది. నాలుగో రోజు వచ్చేసరికి వియ్యపురాలు ఎదురొచ్చింది.

"చూశారా వదినగారూ, పాపకి రంగు తేలుతోంది. పసిమి ఛాయ. మా అత్తగారిది అచ్చం ఇదే రంగు" అంది.

పొరుగింటావిడ కూడా అక్కడే ఉంది. "బంగారు బొమ్మే" అంది. అల్లుడు ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు. కూతురు మాత్రం నవ్వలేదు.

"అమ్మా, పొద్దుట్నుంచి సరిగ్గా పాలు తాగట్లేదు. లేపినా లేవట్లేదు."

"పసిపిల్లలు నిద్రపోక ఏం చేస్తారమ్మా" అంది వియ్యపురాలు.

పిన్ని బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. నిజమే, ముద్దబంతి పువ్వులా ఉంది మొహం. తనూ మురిసిపోయేదే. కానీ బుగ్గ మీదకి చెయ్యి పోనిచ్చినప్పుడు బిడ్డ మొహం కంటే ముందు ఆవిడకి తన చెయ్యి కనబడింది. చామనఛాయ అని జనం కాస్త సర్ది చెప్పే చెయ్యి అది. ఆ లైటు కింద అదీ పసిమిగానే ఉంది. కప్పిన గుడ్డ చూసింది. తెల్లటి గుడ్డ, తనే కొన్నది, ఇక్కడ ఆవునెయ్యి రంగులో ఉంది. అల్లుడి చొక్కా, గోడ, మంచం దుప్పటి, అన్నీ పసిమి ఛాయే.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. మరి లోకమంతా పచ్చగా ఉన్నచోట కామెర్లొస్తే ఎవరికి కనబడుతుంది?

ఆ ఆలోచన వచ్చాక పిన్ని ఇంక కూర్చోలేకపోయింది. ఈ బిడ్డ అసలు రంగేమిటి? కిటికీ తెర తీద్దామంటే అప్పటికే పొద్దు గుంకింది. ఆవిడ బిడ్డతో లేచి వంటింట్లోకి నడిచింది. అక్కడున్నది 6500 ట్యూబు లైటు, అదీ తను ఇచ్చిందే.

"వంటింట్లోకి ఎందుకండీ పసిగుడ్డుని?" వెనకాలే వచ్చింది వియ్యపురాలు.

"ఒక్క నిమిషం వదినగారూ. తల్లీ, నువ్విలా వచ్చి నీ చెయ్యి ఇక్కడ పెట్టు" అంది పిన్ని కూతురితో.

తన చెయ్యి, కూతురి చెయ్యి, తెల్లగుడ్డ, మధ్యలో బిడ్డ మొహం. తెల్లగుడ్డ తెల్లగా ఉంది. తన చెయ్యి తన రంగులోకి వచ్చేసింది. కూతురి చెయ్యి పాలిపోయి ఉంది, బాలింత కదా. బిడ్డ మొహం మాత్రం పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టే ఉంది. బొటనవేలితో కనురెప్ప మెల్లగా పైకెత్తింది పిన్ని. తెల్లగా ఉండాల్సినచోట తెలుపు లేదు.

"ఇది ఛాయ కాదు వదినగారూ. ఆసుపత్రికి వెళ్దాం."

ఆ మాట అనడం పిన్నికి తేలిక కాలేదు. వియ్యపురాలి మాట కాదన్నట్టూ అవుతుంది, తను ఏరి పెట్టిన లైటే కళ్ళు కప్పిందని ఒప్పుకున్నట్టూ అవుతుంది. వియ్యపురాలు గుడ్డవైపు, బిడ్డవైపు, మళ్ళీ గుడ్డవైపు చూసింది. ఇంకో మనిషైతే ఏమనేదో గానీ ఆవిడ లోపలికెళ్ళి బిడ్డ టోపీ తెచ్చింది. "పదండి, నేనూ వస్తాను" అంది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ బిడ్డ నుదుటి మీద వేలితో నొక్కి వదిలింది, రక్తం తీయించింది. కాసేపటికి కాగితం మీద ఒక అంకె వచ్చింది. ఇక్కడా అంకే అనుకుంది పిన్ని.

"కామెర్లు. ఎక్కువే ఉంది. చాలామంది పిల్లలకి వస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది. కానీ ఇంత పెరిగి, పాలు మానేసి, నిద్రలో పడిందంటే ఆగకూడదు. ఇంకా పెరిగితే మెదడు దెబ్బతింటుంది. మంచి టైముకి తెచ్చారు" అంది డాక్టరమ్మ.

"ఆ గదిలో పసుపు లైటు పెట్టింది నేనే అమ్మా. రంగు కప్పేసింది" అంది పిన్ని. చెప్పకపోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

"అందుకే పగటి వెలుతురులో చూడమని చెబుతాం. ఎవరూ వినరు" అంది ఆ అమ్మాయి.

బిడ్డ కళ్ళకి గంతలు కట్టి, గాజు పెట్టెలో పడుకోబెట్టి, పైన లైటు వేశారు. నీలం లైటు. గదిలో మనుషులందరూ నీలంగా అయిపోయారు. కూతురు కుర్చీలో ఏడుస్తూ కూర్చుంది. పిన్ని ఆ దీపం వంకే చూస్తోంది. భయం భయమే, అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరుకోదు కదా.

"సిస్టరమ్మా, ఇది ఎంత నంబరు లైటు?"

"నంబరేంటమ్మా?"

"ఆరున్నర వేలా, ఇంకా పైనా?"

"ఇది చూసుకోవడానికి పెట్టిన లైటు కాదమ్మా, మందు" అంది నర్సు. "ఒంట్లో పేరుకున్న పసుపు మీద ఈ నీలం పడితే అది మారిపోయి, మలమూత్రాల్లో బయటికి పోతుంది. మేం రంగు చూడాలంటే మాత్రం దీన్ని ఆపేసి కిటికీ తెర తీస్తాం. ఈ లైటులో ఎవరికేం తెలుస్తుంది?"

వెలుగు కనబడేలా చేస్తుందని పిన్నికి తెలుసు. కనబడకుండా చేస్తుందని సాయంత్రమే తెలిసింది. వెలుగు ఒంట్లోకి దిగి పని చేస్తుందని ఇప్పుడు తెలిసింది. పంతొమ్మిదేళ్ళు అమ్మిన సరుకు గురించి తనకి తెలిసింది అరచేతి మందమే అనుకుంది. ఆ బెంగలో కూడా ఆవిడకి ఆశ్చర్యమే కలిగింది.

రెండు రోజులు వియ్యపురాళ్ళిద్దరూ ఆ గాజు పెట్టె పక్కనే వంతులేసుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకోలేదు. ఒక్కసారి మాత్రం వియ్యపురాలు అంది: "నేను తెర వెయ్యకపోతే మీరు ముందే చూసేవారు." "నేను ఆ లైటు పెట్టకపోతే మీరే చూసేవారు" అంది పిన్ని. తప్పు సగం సగం పంచుకున్నాక ఇద్దరికీ కాస్త ఊపిరాడింది.

మూడో రోజు పొద్దున బిడ్డ ఆకలికి కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విని కూతురు నవ్వింది. రక్తంలో అంకె దిగిందని డాక్టరమ్మ చెప్పింది. నర్సు నీలం లైటు ఆపి, కళ్ళకి కట్టిన గంతలు విప్పి, తెర పూర్తిగా లాగి, బిడ్డని వియ్యపురాలి చేతికిచ్చింది. కిటికీలోంచి ఎండ నేరుగా మొహం మీద పడింది.

వియ్యపురాలు బిడ్డ మొహంలోకి చూసింది. పసిమి లేదు, బంగారం లేదు. ఆవిడ ఏమంటుందోనని పిన్నికి లోపల గుబులుగానే ఉంది. తన పెళ్ళినాటి నుంచి తన రంగు గురించి మాట్లాడినవాళ్ళంతా ముందు ఒక క్షణం ఆగి, మాట వెతుక్కుని మరీ మాట్లాడారు. ఈవిడ ఆగలేదు.

"వదినగారూ, ఇది మీ రంగే. అచ్చం మీ రంగే" అంది నవ్వుతూ, బిడ్డని ఎండలోకి ఇంకాస్త ఎత్తిపట్టి. "హమ్మయ్య, బిడ్డ బాగుంది."

తన రంగు పేరు చెప్పి ఎవరైనా సంతోషించడం యాభై రెండేళ్ళలో పిన్ని విననే లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఇంకోసారి చెప్పండి వదినగారూ" అంది.