ఆపా వదిలేసిన లైను

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో పొద్దున్నే ఎవరి చేయీ ఖాళీగా ఉండేది కాదు. ఆరింటికి బస్సు దిగిన ప్రతివాడి చేతిలో ఎవరో ఒకరు ఒక కరపత్రం పెట్టేవారు. జావా, ఫలానా సార్ గారిచే ఉచిత డెమో అని ఉండేది. నాకు పదేళ్లే అయినా నా చేతిలోనూ పెట్టేవారు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి నేను బొమ్మలు గీసుకునేదాన్ని. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు ఈ సంగతులు చెబితే పురాణం విన్నట్టు వింటారు. నలభై నిండకుండానే వాళ్ల లెక్కలో పెద్దావిడనైపోయాను.

మేము పంజాగుట్టలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అప్పటికి మూడేళ్లయింది. పక్క వాటా వాళ్లది తరతరాలుగా ఈ ఊరే. వాళ్ల పెద్దమ్మాయిని ఇంట్లో చిన్నవాళ్లు ఆపా, అంటే అక్కా, అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆపా అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా అనే కంప్యూటర్ భాష చెప్పేది. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవారు కనుక, ఆ వేసవి సెలవుల్లో అమ్మ నన్ను ఆపా వెంట పంపింది. తలుపు పక్కన చివరి బెంచీ నాది.

డెమో అంటే కొత్త బ్యాచ్ మొదటిరోజు ఊరికే చెప్పే క్లాసు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నచ్చితే పోతూ పోతూ కౌంటర్ దగ్గర పేరు రాయించుకుంటారు. నచ్చకపోతే మధ్యలోనే లేచి పక్క బిల్డింగులో ఇంకో డెమోకు పోతారు. ఆపా పనిచేసే చోట డెమో ఎప్పుడూ ఒక సార్ చెప్పేవారు. పేర్లు పడ్డాక, రెండో రోజు నుంచి పాఠాలన్నీ ఆపా చెప్పేది. బయట బోర్డు మీద పేరు మాత్రం సార్‌ది. మూడేళ్లు అలాగే నడిచింది. నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

ఆ మే నెలలో జావాకు ఒక హెడ్‌ని పెడతామని ఇన్‌స్టిట్యూట్ యజమాని అన్నారు. ఆపా వెళ్లి తనను పెట్టమని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన మా కోస్తా వైపు మనిషే, మాట మెత్తగా ఉండేది. "ఏంటి మేడం గారూ, మీరా?" అని కాసేపు నవ్వి, "సరే, సోమవారం డెమో మీరే చెప్పండి. ముప్ఫై పేర్లు పడితే హెడ్ మీరే. పడకపోతే మాత్రం ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు," అన్నారు. ఆపా సరేనంది.

సోమవారం ఏడింటికల్లా గది నిండిపోయింది. ఎక్కువమంది యూసుఫ్‌గూడ గదుల్లో ఉండే అబ్బాయిలు, తలలు ఇంకా తడిగా ఉన్నాయి. "మేడం, సార్ రాలేదా?" అని ఎవరో అడిగారు. "ఈరోజు నేనే," అని ఆపా మొదలుపెట్టింది. అరగంట దాకా ఒక్కరూ కదల్లేదు. ఆపా అంత బాగా చెప్పేది.

తర్వాత ప్రోగ్రామ్. సార్ అయితే ప్రోగ్రామ్ బోర్డు మీద రాసి, దాని జవాబు కూడా బోర్డు మీదే రాసేవారు. ఆ వీధిలో అందరూ అంతే. బోర్డు మీద ఏ ప్రోగ్రామూ తప్పు పోదు. ఆపా మాత్రం ల్యాబ్ నుంచి ఒక కంప్యూటర్ తెప్పించి ముందు టేబుల్ మీద పెట్టించింది. అందరూ చూస్తుండగా టైప్ చేసి నడిపింది. తెర నిండా ఎర్రర్లు వచ్చాయి.

వెనక బెంచీల్లో నవ్వులు. "మేడంకే రాదు, మనకేం నేర్పుతది?" అంటూ నా పక్కవాడు లేచిపోయాడు. ఆపా తలుపు వైపు చూడలేదు. మొదటి ఎర్రర్‌ను చివరిదాకా నిదానంగా చదివి, బోర్డు మీద రాసి, "ఇది మనకేం చెప్తున్నదో జర చూడుండ్రి," అంది. బెంచీలు జరుగుతూనే ఉన్నాయి. ఒకళ్ల వెనక ఒకళ్లు నా ముందు నుంచే పోయారు. నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ మొద్దుబారుతుందే, ఒళ్లంతా అలా అయిపోయింది.

పదకొండు మంది మిగిలారు. వాళ్లలో ఒకమ్మాయి బోర్డు మీది ఎర్రర్‌నూ తెర మీది ప్రోగ్రామ్‌నూ చాలాసేపు మార్చి మార్చి చూసి, "మేడం, అక్కడ ఒక లైను లేదు," అంది. ఆపా "శాబాష్" అని ఆ లైను చేర్చి మళ్లీ నడిపింది. ఈసారి జవాబు వచ్చింది. ఆ పదకొండు మందీ లేచి కంప్యూటర్ చుట్టూ మూగారు.

కౌంటర్‌లో కూడా పదకొండు పేర్లే పడ్డాయి. "చూశారుగా మేడం గారూ," అన్నారు యజమాని, అంతే. ఆ వారంలోనే హెడ్ అని సార్ పేరు రాయించారు. ఆ బ్యాచ్‌కు పాఠాలు ఆపాయే చెప్పింది.

ఆ సోమవారం పంజాగుట్టకు నడిచి వస్తుంటే ఆపా నాకు చెరుకురసం ఇప్పించింది. ఆ ప్రోగ్రామ్‌ను ముందురోజు ఇంట్లో మూడుసార్లు సరిగ్గా రాయడం నేను చూశాను. మరి క్లాసులో ఎందుకు తప్పు పోయిందని అడిగాను.

"ఆ లైను నేనే వదిలిపెట్టిన బేటా," అంది. "బోర్డు మీద అంతా మంచిగనే ఉంటది. ల్యాబ్‌ల మొదటిసారి ఎర్రర్ రాంగనే పిల్లలు భయపడి రావుడే బంద్ చేస్తరు. మస్తు మందిని చూసిన. అందుకే పైలా రోజే, డెమోలనే, చూపిద్దామనుకున్న."

"ముందే చెబితే అందరూ కూర్చునేవాళ్లు కదా ఆపా?"

"చెప్పినంక ఇంక భయమెక్కడిది? భయమైనా ఆగుడే నేర్వాలె." అని, గ్లాసు బండి మీద పెట్టేసి, "అదే లైను సార్ వదిలిపెట్టుంటే పాఠం అందురు. నేను వదిలిపెడితే నాకు రాదన్నరు. గిట్లయితదని నాకు తెల్వక కాదు. జర ఆశపడ్డ," అంది. ముఖంలో ఏ మార్పూ లేదు. నేను ఆ ముఖాన్నే చూస్తూ నడిచాను.

పెద్దయ్యాక నేనూ ఈ రంగంలోకే వచ్చాను. గదినిండా మగవాళ్లుండి నేనొక్కదాన్నే ఆడదాన్నైన మీటింగులకు లెక్కలేదు. నలుగురిలో తప్పు దొర్లకూడదన్న ఒక్క పట్టుదల మీదే నడిచాను. ఏది చూపించాలన్నా ముందు ఒంటరిగా పదిసార్లు సరిచూసుకుంటాను. ఆ జాగ్రత్తే నన్ను పైకి తెచ్చింది. డైరెక్టర్ అని రాసిన గదిలో కూర్చోబెట్టింది. ఈమె దేనికీ చలించదని మెచ్చుకుంటారు కూడా.

పోయినేడు నా టీములో కొత్తగా చేరిన అమ్మాయి అందరి ముందూ ఒక ప్రోగ్రామ్ చూపిస్తుంటే ఎర్రర్ వచ్చింది. గదిలో ఉన్నవాళ్లు నవ్వు దాచుకున్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అది ఆపేయమ్మా," అని తెరకు నా ల్యాప్‌టాప్ తగిలించి, నేను ముందే సరిచూసి పెట్టుకున్న ప్రోగ్రామ్ చూపించాను. మీటింగు బాగా జరిగింది.

అప్పటి నుంచి ఆ అమ్మాయి నా దగ్గరికి తప్పులు తేవడం మానేసింది. అన్నీ సరిచేసుకున్నాకే తెస్తుంది, అచ్చం నాలాగే. ఆ రోజు ఆపా డెమోలో ఆగిపోయిన పదకొండు మంది నేర్చుకున్నది, అదే గదిలో కూర్చుని కూడా నేను నేర్చుకోలేదని అప్పుడు తెలిసింది. బాధ కలగాలి. ఇంకా కలగలేదు.