పండరి మామ చూసిన బరఫు

మా పండరి మామకు బాన్సువాడలో అబద్ధాలకోరన్న పేరు వచ్చింది ఒకే ఒక్క నిజం వల్ల.

యుద్ధకాలంలో పటాలంలో చేరి, కాశ్మీరు కొండల్లో కంచరగాడిదలు తోలి, నలభై ఆరులో ఇంటికొచ్చాడు. ఆ ఎండాకాలమే కోటగిరి దేవిదాస్ కూతురు పోసవ్వతో సంబంధం కుదిరింది. ఇరువైపులవాళ్ళూ కలిసి కల్లు తాగితే ఇక మాటకు తిరుగుండదు. అందుకోసం అంతా కోటగిరి వెళ్ళాం. ముంతలు ఇంకా పంచలేదు. దేవిదాస్ మాటల్లో మాటగా, "కొండల మీద ఏం జూసినవ్ బిడ్డా?" అన్నాడు.

"బరఫ్ పడంగ జూసిన మామా. దూది ఏకినట్టు తెల్లగ, పొద్దంత పడుతుండె. చలికాలంల."

దేవిదాస్ నవ్వు ఆగిపోయింది. బరఫ్ అంటే మంచు. మా వైపు ఆకాశంలోంచి మంచుగడ్డలు రాలేది ఎండలు మండే రోజుల్లోనే. మధ్యాహ్నం దాకా ఉక్కపోసి, ఉన్నట్టుండి రాళ్లవాన వచ్చి పెంకులు పగలగొట్టి పోతుంది.

"చలికాలంల రాళ్లెట్ల పడ్తయ్? ఎండ ముదిరితేనే గద!"

"గవి రాళ్లు గావు మామా. కింద లోయల వానొస్తుండె. పైకెక్కితే గదే మబ్బుల బరఫ్ పడుతుండె. ఎక్కిన కొద్ది చలి."

"ఎక్కిన కొద్ది సూర్యునికి దగ్గరైతం గద! చలేంది?"

అరుగంతా ఘొల్లుమంది. బట్టల మూటతో వచ్చి కూర్చున్న మార్వాడీ వ్యాపారి తారాచంద్‌ను దేవిదాస్ సాక్ష్యం అడిగాడు. "సేట్, మీ ముల్కుల చలి జోరుగుంటదంటవ్ గద. బరఫ్ పడ్తదా?"

"చలికి పండ్లు టకటకలాడ్తయ్. మగర్ బరఫ్ ఒక్కనాడు పడలే."

పండరి మామ చెవులు ఎర్రబడ్డాయి. "సేట్ ఊర్ల మబ్బేది? చలి ఒక్కటుంటె సాలదు, తడి గూడ ఉండాలె. మా కాడ గూడ మబ్బులేని దినం చలి ఇంక ముదురుతుండె, బరఫ్ మాత్రం పడకపోతుండె."

"ఇగ జూడుండ్రి! చలి ముదిరితె పడదంట!" దేవిదాస్ లేచి నిలబడ్డాడు. "అబద్ధాలాడెటోనికి పిల్లనియ్య. రేపు గీయన జెప్పే ఏ మాట నమ్మాలె నా బిడ్డ?"

మావాళ్ళు వెళ్ళిపోదామని లేచి తువ్వాళ్ళు దులుపుకున్నారు. అప్పుడు తలుపు వెనకనుంచి పోసవ్వ గొంతు వినిపించింది. "నాయినా, పడేటప్పుడు సప్పుడెట్లయితదో అడుగు."

రాళ్లవాన మోత ఎరగనివాళ్ళు అక్కడ లేరు. దడదడమని ఒక్క మాటంటే చాలు, సంబంధం నిలిచేలా ఉంది. మామ తలుపు వైపు తిరిగాడు.

"అసలు సప్పుడే ఉండకపోతుండె. తెల్లారి లేస్తే గుడారం మీద జానెడుంటుండె. పడ్డట్టు గూడ ఎరుక కాకపోతుండె."

మళ్ళీ నవ్వులు. పోసవ్వ మాత్రం గడప దాటి వచ్చింది.

"అబద్ధమాడెటోడైతే మనకు ఒప్పయ్యేటట్టు జెప్తుండె. ఇంతమంది నవ్వుతరని ఎరుకై గూడ సప్పుడుండదన్నడు. నేను గాయన్నే చేసుకుంట."

దేవిదాస్ మళ్ళీ అరుగు మీద కూర్చుని, "ముంతలు తేండ్రి" అన్నాడు.

తరవాత కొండల గురించి చాలా పుస్తకాలు చదివాను. మామ చెప్పినదాంట్లో తప్పు పట్టిన పుస్తకం నాకు దొరకలేదు. అక్కడితో ఆగనివాడు దేవిదాస్ ఒక్కడే. రుద్రూర్ దారిలో ఎవరైనా చలి అంటే చాలు, "మా అల్లుడున్న కాడ..." అని పట్టుకునేవాడు. ఏటేటా ఆ మంచు లోతు పెరిగింది. మోకాలు, నడుము, ఆఖరికి ఏనుగు మునిగేంత.

మామ సిగ్గుపడి, "గంత లేకుండె మామా" అనేవాడు.

"నువ్వూకో, నీకేమెరుక" అని కసిరేవాడు దేవిదాస్.