పక్కింటి బోరు

మేము ఖాళీ చేయబోతున్న ఇంటిని చూడ్డానికి ఈ సాయంత్రం ఒక కొత్త జంట వచ్చింది. అనంతపురం ఊరి చివర కాలనీ మాది. ఓనరు హుషారుగా బడి నాలుగడుగుల్లో ఉందని, బస్టాపు వీధి చివరేనని, పార్కు ఎదురుగానే ఉందని చెప్పుకుపోయాడు. ఆ పార్కులో ఇప్పటికి ఒక బోర్డు, మేస్తున్న గొర్రెలు తప్ప ఏమీ లేవు. ఆ అమ్మాయి మాత్రం గోడ అవతల నిలబడ్డ పక్కింటి ఓబులక్కను కొళాయి నీళ్ల సంగతి అడిగింది.

"నాలుగు దినాలకొకసారి వస్తాయమ్మా. రాకుంటే మా ఇంట్లో బోరు ఉండాది, బిందె ఎత్తుకోని రా. ఈ పాప మూడేండ్లుగా అట్లే పట్టుకుంటాండాది" అంది నన్ను చూపించి.

అంతే, వాళ్లు ఇల్లు ఖాయం చేసుకున్నారు. నేనింకా సామాన్లు సర్దనే లేదు, ఓబులక్క నా నీళ్ల వంతు అప్పుడే ఇంకొకరికి ఇచ్చేసిందని నాకు ఒళ్లు మండింది. ముఖం ముడుచుకుని లోపలికి పోతుంటే ఓబులక్క పిలిచింది.

"నువ్వు పోయే చోట నీళ్లిచ్చేవాళ్లు ఎవురన్నా ఉండారా, చూసుకున్యావా?"

కొత్తింట్లో లిఫ్టు చూశాను, పార్కింగ్ చూశాను. పక్కింట్లో ఎవరుంటారో మాత్రం అడగలేదు. రేపు పోయి వాళ్ల బెల్లు కొట్టాలి. ఇల్లు చూసేటప్పుడు మీరెవరైనా పక్కింటివాళ్లను కూడా చూస్తారా?