పెద్దయ్యను చూసి నేర్చుకోండి

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నా గొంతంటే నాకే మహా ముచ్చటగా ఉండేది. బొల్లాపల్లి అవతల ఓ పల్లె ఆసుపత్రిలో నర్సుని. వయసు ఇరవై రెండు, తెలివి అంతకు రెట్టింపు (అని నా నమ్మకం). బీపీ మాత్రల కోసం వచ్చే ముసలివాళ్ళను వరుసలో కూర్చోబెట్టి ఉపన్యాసాలు దంచేదాన్ని. ఓ రోజు మిరపతోట పెద్దయ్యకు బీపీ చక్కగా దిగింది. సంతోషం పట్టలేక ఆయన చెయ్యి పట్టుకుని, "అందరూ ఈ పెద్దయ్యను చూసి నేర్చుకోండి!" అని ప్రకటించాను. పెద్దయ్య మీసం సర్దుకున్నాడు.

నేర్చుకున్నారు, ముఖ్యంగా ఒకరు. నాలుగో రోజు పొద్దున్నే ఆ పెద్దయ్యే, ఆ రోజు వరుసలో కూర్చుని విన్న తన పక్కింటి వక్కాకు మామ్మను ఆటోలోంచి దించాడు. మామ్మ కళ్ళు తేలేసింది. బీపీ చూస్తే అడుగంటిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏం మింగింది పెద్దయ్యా?"

"నా మాత్రలే నర్సమ్మా. అడిగితే రోజూ రెండిచ్చా. పక్క చేలో తెల్లదోమ పోతే, ఏం మందు కొట్టావురా అని అడిగి అదే కొట్టమా ఏంది?"

పోనీ తన మాత్రలు మానేసిందా అంటే అదీ లేదు, వాటి మీద ఇవి (దోమ మొండిదైతే రెండు మందులు కలిపి కొడతారు మరి). డాక్టరుగారు చెప్పినట్టు కాళ్ళు ఎత్తులో పెట్టి సెలైన్ ఎక్కించాను. ఉద్యోగం పోతే పోయింది, ఈ మనిషి కళ్ళు తెరిస్తే చాలు దేవుడా అనుకున్నాను. మధ్యాహ్నానికి తెరిచింది. అప్పటిదాకా ఉన్న భయమంతా కోపమై, "ఆయన మాత్రలు నీకెందుకు మామ్మా? చచ్చిపోయేదానివి!" అని అరిచాను.

మామ్మ మెల్లగా అంది: "మూడు నెలల్నుంచి నీ మాత్రలు మింగుతున్నా. ఏది దేనికో ఒక్కనాడన్నా చెప్పావటే? చేతిలో పెట్టి 'తర్వాత ఎవరు' అంటావు. ఆయన్నైతే చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నావు. నన్ను కూడా మెచ్చుకుంటావని..."

నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రం ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని, ఒక్కో మాత్రల షీటూ చూపించి, ఏది దేనికో, ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించాను. మూడోసారికి తప్పు లేకుండా అప్పజెప్పింది. "చానా బాగా చెప్పావు మామ్మా," అన్నాను. మామ్మ తల కాస్త ఎత్తి, పక్క మంచాలవాళ్ళు విన్నారో లేదో చూసింది.

అప్పటి నన్ను, ఆ పిల్ల నర్సును తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. కానీ ఆ పూట మాత్రం బుద్ధిగానే మెలిగింది: ఎవరికీ వినపడలేదేమోనని, అదే మాట ఇంకోసారి, గట్టిగా అంది.