గంగులప్ప గొర్రెల దొడ్డిలో ఒక కాన్పు

1981లో నేను బాగేపల్లి దగ్గరి గూళూరు వెటర్నరీ డిస్పెన్సరీలో డాక్టరుని. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసిన హోబళికంతా నేనొక్కడినే. నా భార్య చింతామణిలో టీచరు. నెలకు రెండుసార్లు బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేవాణ్ని. మిగిలిన రోజుల్లో డిస్పెన్సరీ వెనక గదిలో నా వంట, నా తిండి.

గంగులప్పది గూళూరుకు నాలుగు మైళ్ల దూరంలోని ఊరు. మెట్ట పొలాలు, మూడు వందల గొర్రెలు ఉన్న ఆసామి. ఒక కరువు ఏట గొర్రెలవాళ్ల తరఫున తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి మేత ఇప్పించాడు. జనం ఆయన్నే నిలబెట్టి ఎమ్మెల్యేని చేశారు. అంతకు ముందు మందతోపాటే తిరుగుతూ, ఏ పిల్ల ఏ తల్లిదో చెప్పేవాడట. గెలిచాక బెంగళూరు, బాగేపల్లి, మీటింగులు. మంద కాపరి చేతికి పోయింది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు.

ఒక ఉదయం కాపరి వచ్చి, గొర్రె ఈనలేక అవస్థ పడుతోందన్నాడు. సైకిలు మీద వెళ్లాను. ముందు వసారా నిండా జనం. వెనక దొడ్డిలో గంగులప్ప ఒక్కడే, తెల్ల జుబ్బా విప్పి గోడ మీద వేసి, గొర్రె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

దీన్ని మేము డిస్టోకియా అంటాం, అంటే కాన్పు కష్టం కావడం. చెయ్యి పెట్టి చూస్తే పిల్ల ముందుకాళ్లు దొరికాయి గానీ తల వెనక్కి మళ్లి ఉంది. తొలిచూలు గొర్రె. నా లావు చెయ్యి అంతకు మించి దూరలేదు. ఆయన చెయ్యి సన్నం. మీరు చూడండప్పా అన్నాను.

సబ్బు రుద్దుకుని చెయ్యి పెట్టాడు. లోపల వేళ్లతో వెతికాడు.

“ముందైతే వేలు తగిల్తేనే తెలిసిపోతా ఉండె. ఇప్పుడేమీ తెలీడం లేదు.”

దవడ ఎటుంటుందో, నొప్పి వచ్చినప్పుడు ఎక్కడ ఆగాలో చెబుతూ పోయాను. మధ్యలో ఎవరో వచ్చి జనం కాచుకుని ఉన్నారన్నారు. ఆయన తల తిప్పలేదు. చివరికి దవడ కింద వేలు దూర్చి తలను ముందుకు తెచ్చాడు. పిల్ల బతికే వచ్చింది. తల్లి దాన్ని నాకుతుంటే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“డాక్టరప్పా, వసారాలో అంతమంది ఉండారే, ఏమీ అడక్కుండా నా కాడికి వచ్చినోడివి నువ్వొక్కడివే. అప్పుడప్పుడూ వస్తా ఉండు. ఊరికే.”

నా జేబులో చింతామణికి బదిలీ కోరే అర్జీ ఉంది. కాపరి పిలిచినప్పుడు ఇదే మంచి సమయమనుకుని పెట్టుకుని బయలుదేరాను. ఆ రోజు బయటికి తీయలేదు. కానీ నా భార్యకు అప్పుడు ఏడో నెల, ఇంట్లో తోడు లేదు. పది రోజులకు వెళ్లి, వసారాలో అందరితోపాటు నిలబడి ఇచ్చాను. ఆయన చదివాడు.

“చింతామణికి వర్గ కావాలనా? అవుతుందిలే,” అని సంతకం చేసి, పక్కవాడి కాగితం అందుకున్నాడు.

నెలలో బదిలీ అయింది. మా పాప పుట్టినప్పుడు నేను దగ్గరే ఉన్నాను. అందుకు ఈనాటికీ విచారం లేదు.

తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. మందను అమ్మేశాడని విన్నాను. ఒక ఆదివారం చూడటానికి వెళ్లాను. వసారాలో ఎవరూ లేరు. తనే కాఫీ కలిపి తెచ్చి, ఏం పని మీద వచ్చానని అడిగాడు. పనేమీ లేదు, మిమ్మల్ని చూసి పోదామనే వచ్చానన్నాను.

“చెప్పప్పా, మొగమాటం వద్దు. నా మాట ఇప్పుడు ఆఫీసుల్లో నడవదు. అయినా చీటీ రాసిస్తా,” అని కాగితం, పెన్ను ముందు పెట్టుకున్నాడు.

ఎంత చెప్పినా నమ్మలేదు. నా బస్సు టైమయ్యేదాకా ఆ కాగితం అక్కడే ఉంది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరి పశువును చూడబోయినా, నా అవసరం వాళ్ల చెవిన వేయలేదు. గంగులప్ప విషయంలో మాత్రం ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.