సూసుడు, సారుకు చెప్పుడు

నాకు నోరు మూసుకొని కూసునుడు రాదు. చిన్నప్పటిసంది గంతే. మా యాడి, అంటె మా అమ్మ, మా తండాల అమ్మను యాడి అనే పిలుస్తం, నేను పుట్టంగనే ఏడ్వలేదు ముచ్చట పెట్టిన అంటది. గసొంటి నన్ను తీస్కపోయి కండ్లతోని సూడు గని నోటితోని ఏం అనకు అనే పనిల పెట్టిండ్రు. అది గూడ సర్కారు పని. ఇప్పటికి తలుసుకుంటె కాళ్ళు ఒక్క తాన నిలువయి.

మాది వేములపల్లి దిక్కు తండా. తొంభైలల్ల ముచ్చట ఇది. మా తండాకు బడి వచ్చింది గని బడికి రూము లేదు. మా తండా పెద్దను నాయకు అంటం, ఆయన తన పశువుల కొట్టం సగం ఖాళీ చేసిస్తె అండ్లనే చదువు. టీచరమ్మ మిర్యాలగూడకెల్లి బస్సుల వచ్చేది. పిల్లలు పలక మీద దిద్దుకుంట ఉంటె పక్కకెల్లి బర్రె మూతి పెట్టి పలకను నాకేది. దిద్దింది ఖతం. మల్ల మొదటికెల్లి దిద్దాలె.

ఆ ఎండకాలం పై ఆఫీసోళ్ళు వచ్చి ఒక్కటే మాట చెప్పిపోయిండ్రు. బడి తెరిచేనాటికి రూము లేవాలె, లేకుంటె మీ బడిని తీసి కాలువ అవుతల ఊరి బడిల కలుపుతం అని. కాలువ అంటె పిల్లకాలువ కాదు, సాగరు కాలువ. నీళ్ళు ఇడిసినప్పుడు కట్ట మీద నిలవడితె పెద్దోళ్ళకే కండ్లు తిరుగుతయి. చిన్న పోరగాండ్లను ఆ కట్ట మీదికెల్లి రోజు ఎవరు తోలుతరు? నేను ఏడో తరగతి దాక చదివిన అంటె మా బాపు సైకిలు మీద దింపి తెచ్చుకున్నందుకు. ఇప్పుడు బాపుకు నడుము పట్టేసింది, సైకిలు గోడకు ఆనింది. మా చెల్లె ఒకటో తరగతి. రూము లేస్తె చదువుతది, లేకుంటె మేకల ఎంబడి పోతది. దానికి అది గూడ తెల్వదు, బర్రె నాకిన పలకను సూసి నవ్వుకుంట తిరిగేది.

మిర్యాలగూడల రైసుమిల్లున్న ఒక సేటు రూము కంట్రాక్టు పట్టిండు. మేస్త్రీ కోదాడ దిక్కాయన. పని సూసే ఇంజనీరు సారుకు గిసొంటి రూములు చాన ఊర్లల్ల ఉన్నయి, పాపం స్కూటరేసుకొని ఒక్కరోజు గీడ, ఒక్కరోజు గాడ. అందుకని మీ తండాల ఒక మనిషిని పెట్టండ్రి, రోజు పని కాడ ఉండి సూడాలె అన్నడు.

బడి కమిటీ కూసున్నది. నాయకు తన అల్లుని పేరు చెప్పిండు. ఆ అల్లుడు సేటు మిల్లులనే బస్తాలు దించుతడు, సేటును ఏం అనగలుగుతడు అని ఇంకొకాయన లేచిండు. అయితె నీ తమ్మున్ని పెడ్దామా అంటె, వానికి పొద్దుమీకితె సోయి ఉండదు అన్నరు. కొట్లాట ఎక్కువైతున్నదని టీచరమ్మ నన్ను సూపెట్టింది. ఇల్లు పని ముందటనే ఉన్నది, చదవొస్తది, ఇగ దాని కడుపుల మాట ఆగదు, మేస్త్రీ ఏం చేసినా పొద్దుగూకే లోపల తండా అంతటికి ఎరుకైతది అన్నది. అందరు నవ్విండ్రు. నవ్వుకుంటనే తీర్మానం రాసిండ్రు, సారు సంతకం పెట్టిండు. నేను సర్కారు మనిషినైన. మా వదిన అయితె, ఇగ నీకోసం జీపు వస్తదేమో, ముందు సీటు నాకు ఉంచు అని ఎక్కిరించింది.

తెల్లారి సారు నన్ను పునాది కాడికి పిలిచిండు. సిమెంటు బస్తకు ఎన్ని తట్టల ఇసుక పోస్తున్నరో సూడాలె. ఇసుకల మన్ను ఉన్నదా సూడాలె. కట్టిన గోడకు నీళ్ళు కొడ్తున్నరా లేదా సూడాలె. సేటు తాన చాయ గూడ తాగొద్దు. అన్నిటికి తలకాయ ఊపిన. ఆఖరుకు అసలు సంగతి చెప్పిండు.

"బిడ్డా, నీ పని సూసుడు, నాకు చెప్పుడు. మేస్త్రీకి గిట్ల చెయ్యి అనొద్దు, ఆపు అనొద్దు. నువ్వు ఆపు అన్నవనుకో, రేపు రూము కాకపోతె కమిటీ మనిషే ఆపింది, నాదేం తప్పు అంటడు సేటు. ఆపేది నేను."

"మీరు లేనప్పుడు సారూ?"

"నాకు చెప్పు."

"మీరు యాడున్నరో తెల్వకుంటె?"

"నువ్వు చాన మాట్లాడ్తవ్" అని స్కూటరెక్కిండు.

ఆ దినంసంది నా బతుకు బతుకు కాదు. కండ్ల ముందట సిమెంటు మాలు నీళ్ళు నీళ్ళు కలుపుతుంటె కొంగు పండ్ల మధ్యల పెట్టుకొని నిలవడేదాన్ని. కూసుంటె నోరు ఊకోదని లేచి తిరిగేదాన్ని. రూము చుట్టు తిరిగి తిరిగి బాట పడ్డది. మేస్త్రీ చెడ్డోడు కాదు, జర ఎటకారం మనిషి. "ఏంటమ్మాయ్, ప్రదక్షిణలు చేస్తున్నావ్, మొక్కుందా?" అనేటోడు. రోజు చాయ పోసి ఇచ్చేటోడు. మా తండాల చాయ వద్దంటె తిట్టినట్టే. నేను వద్దంటె ఆయన మొకం చిన్నగయ్యేది, నాకు పానం చివుక్కుమనేది. సారు వచ్చినంక మాత్రం ఊపిరి తిప్పుకోకుంట అన్ని కక్కేదాన్ని. సారు పోయి మేస్త్రీకి చెప్పేటోడు, మేస్త్రీ నా దిక్కు ఒక్క సూపు సూసి కట్టింది ఇప్పి మల్ల కట్టేటోడు.

స్లాబు పోసిన దినం సేటు మేకను కోయించిండు. స్లాబు పోస్తె పనోళ్ళకు దావతు ఇచ్చుడు ఏడైనా ఉన్నదే, మా తండా మొత్తం పోయింది. నేనొక్కదాన్ని ఇంట్ల కూసొని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్న. కూర వాసన ఇంట్లకే వచ్చె. మా వదిన మూతి తుడుసుకుంట వచ్చి, సర్కారు మనుషులు ఉల్లిగడ్డ తింటరా అన్నది.

తెల్లారి స్లాబు మీద మట్టితోని గట్లు పెట్టి, మడులు కట్టి నీళ్ళు నింపిండ్రు. అచ్చం వరి మడే. మా చెల్లె మెడ ఎత్తి సూసి, అక్కా నాటు ఎప్పుడేస్తరు అని అడిగింది. పైన నీళ్ళు, కింద సల్లగ. మా ఇండ్ల మీది రేకులు పెనం లెక్క కాలుతుంటె ఆడోళ్ళందరు కుట్లు కుట్టుకునే బట్టలు పట్టుకొని స్లాబు కిందికి చేరిండ్రు, స్లాబును మోసే సెంట్రింగు కర్రల నడుమ. మేస్త్రీ గులిగిండు గని తోలలేదు. సారు మాత్రం మేస్త్రీకి నా ముందటనే చెప్పిపోయిండు, నేను వచ్చి చెప్పిందాక ఒక్క కర్ర గూడ కదలొద్దు అని. స్లాబు గట్టిపడక ముందు కర్రలు తీస్తె నెర్రె పడ్తది, ఒక్కోపారి కూలుతదట.

గని ఒకనాడు ఇంక ఆడోళ్ళు రాకముందే, పొద్దుగాల ట్రాక్టరు వచ్చి నిలవడ్డది. మేస్త్రీ మనుషులు ఒక మూలకెల్లి కర్రలు తీసుడు షురూ చేసిండ్రు.

నేను ఉరికిన. మేస్త్రీ నా మొకం సూడలేదు. కోదాడల సేటుదే ఇంకొక పని ఉన్నదట, ఆడ స్లాబు పోయాలె, కర్రలు తక్కువ పడ్డయట. "గట్టిపడిందిలే అమ్మాయ్. సేటు పంపమన్నాడు, నేనేం చెయ్యను?" అన్నడు.

ఆపు అనే మాట నా పండ్ల దాక వచ్చింది. అంటె సేటుకు సాకు దొరుకుతది, పని పండబెడ్తడు, బడి కాలువ అవుతలికి పోతది. అనకుంటె ఆ స్లాబు కింద రేపు మా చెల్లె కూసుంటది. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు తిరుగుతున్న. మా యాడి గడపల నిలవడి సూసి, ఏందే కాలుకాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్ అన్నది. చెప్పిన.

"నీ పని సారుకు చెప్పుడు. నువ్వు పో" అన్నది. "మా మీద ఎవ్వలు ఏ తీర్మానం రాయలే."

ఆ మాటకు అర్థం ఏందని గూడ అడగలే. బస్సెక్కిన.

మిర్యాలగూడ ఆఫీసుల అటెండరు చల్లగ చెప్పిండు, సారు కోదాడ పోయిండు, ఆడి ఇంజనీరు లీవుల ఉంటె ఆయన పని గూడ ఈయనే సూస్తున్నడు అని. మల్ల బస్సు. హుజూర్‌నగర్ మీదికెల్లి పోతుంటె ఎక్కేటోళ్ళను, దిగేటోళ్ళను సూస్తె కోపం వచ్చింది. సీట్ల కూసుండలేక డ్రైవరు ఎనుక నిలవడి జర ఉరికించన్నా అంటె, నీకోసం రెక్కలు కట్టాల్నా అన్నడు. పక్కన ముసలవ్వకు స్లాబు కథ మొత్తం చెప్పిన. ఆమె దిగేటప్పుడు, మీ ఇల్లు మంచిగనే ఉంటది తియ్యి బిడ్డా అని దీవించి పోయింది. ఇల్లు కాదవ్వా బడి అనేలోపల బస్సు కదిలె.

కోదాడల సేటు పని కాడికి పోతె సారు లేడు. సూర్యాపేటల పెద్దాఫీసుకు పోయిండట. ఆడ స్లాబుకు ఇనుము తెచ్చి తయారుగ పెట్టిండ్రు, కర్రలు సగమే నిలవెట్టిండ్రు. మిగిలిన సగం జాగ ఖాళీ. ఆ ఖాళీకి రావాల్సినయి మా కర్రలు. రోడ్డు మీద ఎదురుంగ వచ్చే ప్రతి ట్రాక్టరుల తొంగి సూసుకుంటనే సూర్యాపేట చేరుకున్న.

సారు ఆఫీసు వరండల టిఫిను డబ్బ ముందట పెట్టుకొని కూసున్నడు. నేను నిలవడే ఒక్క గుక్కల చెప్పిన. ఆయన ముద్ద నోటి కాడనే ఆపి ముందు గదే అడిగిండు.

"నువ్వేమన్న అన్నవా?"

"అనలే సారూ."

"ఆపు అనలే?"

"మా చెల్లె మీద ఒట్టు."

డబ్బ మూసి లోపలికి పోయి పెద్దసారుతోని మాట్లాడి, ఆఫీసు జీపు తీస్కొని వచ్చిండు. వదినా, జీపు వచ్చింది సూడు అనుకున్న గని నవ్వు రాలే. తొవ్వ పొడుగుత సారు తొడ మీద కాయితం పెట్టుకొని గతుకులల్లనే ఏందో రాసిండు. నేను మాట్లాడుకుంటనే ఉన్న. ఆపితె ఏడుపు వచ్చేటట్టు ఉండె.

పొద్దువాలంగ తండాల దిగినం. ట్రాక్టరు ఖాళీగనే ఉన్నది. స్లాబు కింద సూస్తె, తీసిన మూల ఇడిసిపెట్టి కర్ర కర్రకు చీర ఊయల. తండాల ఉన్న చంటిపిల్లలందరు అండ్లనే పండిండ్రు. నడుమ ముసలమ్మలు అద్దాల లంగకు కుట్లు ఏసుకుంట కూసున్నరు. మేస్త్రీ బోర్లేసిన తట్ట మీద కూసొని చాయ తాగుతున్నడు, మా ఇంటి గిలాసల.

"చూడండి సార్. ఏ కర్ర ముట్టుకున్నా ఓ పిల్ల లేస్తది. ఒకటి లేస్తే అన్నీ లేస్తాయి" అన్నడు మేస్త్రీ.

సారు నన్ను సూపెట్టి, ఈమె ఆపిందా అని అడిగిండు.

"లేదండి. నోరే తెరవలేదు. అరిచి గోల చేసుంటే నవ్వి నా పని నేను చేసుకునేవాణ్ణి. మాట్లాడకుండా బస్సెక్కింది, అప్పుడే నాకు భయమేసింది."

సారు మా యాడి దిక్కు తిరిగిండు. ఏందమ్మా ఇది అంటె, సల్లగున్నది సారూ, పిల్లలు పండిండ్రు అని సూది ఆపకుంటనే చెప్పింది. సారు మొకం అటు తిప్పుకున్నడు. నవ్విండని నాకైతె అనుమానం.

జీపుల రాసిన కాయితం మేస్త్రీ చేతుల పెట్టిండు. తీసిన మూలకు కర్రలు మల్ల పెట్టాలె, ఒక్కటి కదలొద్దు, అందాక బయటి గోడల పని చెయ్యాలె అని. అంటె పని ఆగలే. ఆపినోళ్ళు గూడ ఎవ్వలు లేరు. కర్రలు తీసిన మూల కింద నిలవడి సారు చాన సేపు పైకి సూసిండు. ఏమైతది సారూ అంటె, సూద్దాం అన్నడు. ఆ సూద్దాం నన్ను నిద్ర పోనియ్యలే.

కర్రలు తీసేనాడు సారే దగ్గరుండి తీయించిండు. నేను బయట నిలవడలేక లోపల మూలకే పోయి నిలవడ్డ. ఏం కాలే. బడి తెరిచేనాటికి గచ్చు కాలేదు, కిటికీలకు తలుపులు లేవు, అయినా రూము రూమే. ఆఫీసోళ్ళు వచ్చి సూసి, బడి గీడనే ఉంటది అని చెప్పిపోయిండ్రు. మా చెల్లె అందరికంటె ముందు ఉరికి, పోయి పోయి ఆ మూలకే కూసున్నది.

మా వదినకు మాత్రం కర్రలు పోయినయని దిగులు. స్లాబుకు ఊయల కట్టుకునే ఇనుప కొండ్లు రెండు ఏయించరాదా, మేస్త్రీ గీడనే ఉన్నడు కద, ఒక్క మాట చెప్పు అన్నది. మేస్త్రీ చెవులు ఇటే పెట్టిండు.

"సారుకు చెప్త" అన్న.

మొదటి వాన పడ్డనాడు తడుసుకుంటనే ఉరికిపోయి ఆ మూల సూసిన. పొడిగనే ఉన్నది. చెయ్యి పెట్టి గూడ సూసిన. ఇంటికి వచ్చి తల తుడుసుకుంట, ఇది సిన్న వాన కద, పెద్ద వానకు సూడాలె అనుకున్న.